పిలుపురాగంలో మధ్య ముక్క

బాలికల బోర్డింగ్,
షిల్లాంగ్,
మార్చి 6

గౌరవనీయురాలైన పిన్నికి,

ఖుబ్లేయ్, నమస్కారం. నేను ఇక్కడ క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను. భోజనం బాగుంది. పడక బాగుంది. వార్డెన్ కాంగ్ ఎవెలిన్ గారు కాంగ్ అన్న పిలుపుకి తగ్గట్టు సొంత అక్కలా మమ్మల్ని ఎంతో దయగా చూస్తారు. నేను చాలా సంతోషంగా ఉన్నాను.

మా తరగతిలో ఒక భూగోళం ఉంది పిన్నీ. గుమ్మడికాయంత ఉంటుంది. టీచరు దాన్ని ఒక్క వేలితో తిప్పింది. సముద్రాలన్నీ గిర్రున తిరిగాయి, ఒక్క చుక్క కింద పడలేదు. భూమి గుండ్రంగా ఉంటుందని నువ్వు ఎప్పుడో చెప్పావు, కానీ దాన్ని తిప్పుతారని చెప్పలేదు. మన వాహ్‌రిమ్ ఎక్కడ అని అడిగితే టీచరు వేలు పెట్టి చూపించింది. ఆ వేలి కింద మన ఊరూ, సోహ్రా సంతా, షిల్లాంగూ అన్నీ దాగిపోయాయి. అమ్మని పూడ్చిన చోటు కూడా ఆ గోటి కిందే కదా అనుకున్నాను. టీచరు వేలు తీసేస్తుందేమోనని భయం వేసింది.

ఇట్లు,
విధేయురాలు,
లసుబోన్ (నంబరు 31)


వాహ్‌రిమ్,
మార్చి 25

లసూ,

నీ ఉత్తరాన్ని మామయ్య సోహ్రా సంత నుంచి తమలపాకుల బుట్టలో అడుగున పెట్టి తెచ్చాడు. పొయ్యి దగ్గర ఆరబెట్టి, అమ్మమ్మకి చదివి వినిపించాను. మొదటి పేరా కాగానే చెయ్యి ఎత్తింది.

"ఆపవే ఫిదా. ఇది మన పిల్ల మాట కాదు. ఎవరో దాని పక్కన నిలబడి రాయించారు."

"స్కూల్లో అలాగే రాయిస్తారమ్మా, పద్ధతి."

"సంతోషంగా ఉన్న పిల్ల సంతోషంగా ఉన్నానని రాస్తుందా? జారిపడ్డానని రాస్తుంది, ఎవరితోనో పోట్లాడానని రాస్తుంది."

తర్వాత గుమ్మడికాయ సంగతి చదివాను. "ఆఁ, ఇది మన పిల్ల!" అని మూడుసార్లు చదివించుకుంది. నాలుగోసారికి మామయ్య వచ్చి, "ఆ గోళం ఎవరైనా కోసి చూశారా, లోపల గింజలున్నాయా?" అన్నాడు. వక్క విసిరి కొట్టింది.

లసూ, నిజం రాయి. ఈ ఉత్తరం నీకు కాంగ్ త్రీనా ద్వారా అందుతుంది. మీ గేటు పక్కన వక్కలమ్మే ఆవిడ మన కింది లోయ మనిషే. మామయ్య ఆమెకి ప్రతి సంతకీ తమలపాకులు పంపుతాడు. ఆ కట్టల్లో నా ఉత్తరాలు వస్తాయి. ఖాళీ బుట్టల్లో నీవి పంపు.

నిన్ను పంపింది నేనే. మీ నాన్న వక్కచెట్టు మీంచి పడి పోయినప్పుడు నీకు మూడేళ్ళు. పోయిన వానల్లో జ్వరంతో అక్క పోయింది. మనలో తల్లి పోతే పిన్నే తల్లి. అలాంటిది ఏడాది తిరక్కుండానే ఫిదాలిన్ పిల్లని బోర్డింగులో పడేసిందని ఊళ్ళో అంటున్నారు. అననీ. మన ఇంట్లో అక్షరం ముట్టుకున్న మొదటి మనిషిని నేను. ఏడో తరగతి దాటలేకపోయాను. చివరి కూతుర్ని కదా, మన ఆచారం ప్రకారం ఇల్లూ పొయ్యీ నా చేతికి వచ్చాయి. నాకు వచ్చిన నాలుగు ముక్కలే ఇక్కడి పిల్లలకి చెబుతున్నాను. నీకు చెప్పడానికి ఇక నా దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకే పంపాను.

ఖుబ్లేయ్,
పిన్ని


షిల్లాంగ్,
ఏప్రిల్ 14

పిన్నీ,

ఇది వార్డెన్ చదవదు, కాబట్టి నిజం రాస్తున్నాను.

ఇక్కడ ఉచిత సీటు పిల్లలం ఆరుగురం. పొద్దున్నే కొండ దిగి ఊట దగ్గర నీళ్ళు పట్టి పైకి మోస్తాం. నూట పద్నాలుగు మెట్లు. గిన్నెలు తోముతాం. మిగతావాళ్ళు తిన్నాక తింటాం. అప్పటికి మాంసం అయిపోయి వాసన మిగులుతుంది. మమ్మల్ని పేర్లతో పిలవరు. బట్టల మీద కుట్టిన నంబరుతో పిలుస్తారు. సాయంత్రం భోజనం ముందు హాజరు తీస్తారు. "ముప్పై ఒకటి" అనగానే నేను "ఉన్నానండీ" అనాలి.

ముప్పై నంబరు నా పక్కమంచం అమ్మాయి. పేరు హ్యాపీనెస్. ఎప్పుడూ ముఖం ముడుచుకునే ఉంటుంది. "ఆ పేరు పెట్టినరోజు మీ అమ్మ నీ ముఖం చూడలేదా?" అని అడిగాను. "చూసే పెట్టింది, మారుతుందేమోనని" అంది. ఆ రోజు నుంచి మేం స్నేహితులం.

ఇక్కడ ఎవరికీ పిలుపురాగాలు లేవు! బిడ్డ పుట్టగానే తల్లి ఆ బిడ్డకంటూ ఒక రాగం కడుతుందనీ, అందులో మాటలుండవనీ, లోయకి అవతల ఉన్నా ఆ రాగంతోనే పిలుస్తారనీ చెబితే హ్యాపీనెస్ నమ్మలేదు. "ఇద్దరికి ఒకే రాగం వస్తే?" అంది. రాదు అన్నాను. "మనిషి చచ్చిపోతే?" ఇక దాన్ని ఎవరూ పాడరు అన్నాను. "పేరు పెట్టి పిలిస్తే ఏం?" అడవిలో పేరు పైకి అంటే దయ్యాలు విని నేర్చుకుంటాయి అన్నాను. "ఇక్కడ దయ్యాల్లేవు, కాంగ్ ఎవెలిన్ ఉంది" అంది.

ఊట దగ్గర అమ్మ కట్టిన నా రాగం కూనిరాగంగా తీశాను. కాంగ్ ఎవెలిన్ మెట్ల మీద నిలబడి ఉంది. "నువ్వు మనిషివా, పిట్టవా? ఇది బోర్డింగ్, అడవి కాదు. ఇంకోసారి వినిపిస్తే చూడు" అంది. అప్పటి నుంచి మనసులోనే అనుకుంటున్నాను.

కానీ ఒకటి చెప్పాలి. సైన్సు టీచరు నేను మోసుకొచ్చిన కుండలోంచే ఒక చుక్క తీసి, గాజు పలక మీద వేసి, ఇత్తడి గొట్టంలోంచి చూడమంది. ఆ చుక్కలో ప్రాణులు ఈదుతున్నాయి పిన్నీ! కాళ్ళున్నవి, తోకలున్నవి, గుండ్రంగా దొర్లేవి. రోజూ నూట పద్నాలుగు మెట్లు నేను మోసేది వాటినన్నిటినీ అని అప్పటిదాకా తెలియదు. మర్నాడు కుండ ఎత్తుకున్నప్పుడు మెల్లగా నడిచాను.

నీ లసు


వాహ్‌రిమ్,
మే 19

లసూ,

నీ ఉత్తరంలో సగమే అమ్మమ్మకి చదివాను. నీటిచుక్క సంగతి చదివాను. మెట్ల సంగతి చదవలేదు. అమ్మమ్మ లేచి కుండలోకి తొంగి చూసి, "ఇన్నాళ్ళూ ఎంతమందిని మింగానో" అంది.

నన్ను కఠినురాలని అనుకో, పర్వాలేదు. ఓర్చుకో. డిసెంబరు సెలవులకి ఇంకా ఏడు నెలలే. వార్డెన్ వద్దన్నప్పుడు రాగం తీయకు. నీ రాగం ఎక్కడికీ పోదు, ఇక్కడికి వచ్చాక గొంతు చించుకుని పిలుస్తాం. నువ్వు ఆ గొట్టంలోంచి చూసినదాన్ని నేను జన్మలో చూడలేను. నువ్వు చూశావని చదువుతుంటేనే నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. దాన్ని వదులుకుని రావద్దు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఏటి మీద బతికున్న చెట్టు వేళ్ళతో అల్లిన మన వంతెన కొత్త చిగుళ్ళు వేసింది. నిన్న మామయ్య, ఊళ్ళో మగవాళ్ళు ఈ ఏటి లేత వేళ్ళని పాత వేళ్ళలోకి అల్లారు. ఈ వంతెన మొదలుపెట్టినవాళ్ళు దాన్ని దాటకుండానే పోయారట. ఇప్పుడు దేవుడి వాకిట్లో మీ అమ్మ పక్కన కూర్చుని వక్క నములుతూ, మన నడక చూస్తుంటారు కాబోలు.

పిన్ని


షిల్లాంగ్,
జూన్ 22

పిన్నీ,

నా రాగం మధ్యలో పోయింది.

మొదలు గుర్తుంది. చివర గుర్తుంది. మధ్యలో ఒకటి ఉండేది. అది ఉందని నాకు కచ్చితంగా తెలుసు. ఊట దగ్గర కుండ నిండే లోపు మనసులో అనుకుంటూ వస్తాను. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పడిపోతాను. మొదటి ముక్క నుంచి చివరి ముక్కకి దూకాలని చూస్తాను, కుదరదు. మధ్య ముక్క లేనిదే అది నాది కాదు.

నువ్వూ మామయ్యా ఇంటి దగ్గర పిలిచేది పొట్టి రాగమే కదా. పొడుగుది అమ్మే పిలిచేది, తమలపాకు తోట నుంచి, వంతెన అవతల నుంచి. అమ్మ లేదు. నా దగ్గర లేదు. ఇంకెవరి దగ్గర ఉంది?

మిగతావన్నీ ఓర్చుకుంటాను. నిజంగా ఓర్చుకుంటాను. ఇది మాత్రం రాసి పంపు.

లసు


వాహ్‌రిమ్,
జులై 11

నా తల్లీ,

రాగాన్ని ఎలా రాయాలి? మూడు కాగితాలు చించేశాను. గొంతులో ఉన్నదానికి అక్షరాలు లేవు. చివరికి ఒకటి తట్టింది.

ఆ రాగం మీ అమ్మకి ఎలా వచ్చిందో నాకు తెలుసు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు అక్క రోజూ తమలపాకు తోట నుంచి ఇంటికి నడిచేది. పెద్ద వాన, తల మీద ఆకుల గొడుగు, వీపున బుట్ట. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, వెనకే నడిచేదాన్ని. అడుగుకో స్వరం తీసేది. ఎక్కేచోట ఎక్కేది, దిగేచోట దిగేది. నువ్వు పుట్టాక ఒళ్ళోకి తీసుకుని పలికిన రాగం విని అందరం నిర్ఘాంతపోయాం. అది ఆ దారే! తోట నుంచి మన గుమ్మం దాకా.

కాబట్టి దారి రాస్తాను, నువ్వు కళ్ళు మూసుకుని నడువు. తోట దగ్గర మూడు పొట్టి అడుగులు. మిరియాల పాదుల దాకా ఒకే పొడుగు దిగుడు. నాచు రాళ్ళ మీద రెండు చిన్న తడబాట్లు. తర్వాత వంతెన. వంతెన మీద ఒక్కసారి పైకి లేస్తుంది, గుబురులోంచి పిట్ట లేచినట్టు. అక్కడ ఒక ఎత్తు స్వరం ఉందని నా చెవికి బాగా గుర్తు. తర్వాత వక్కతోటలోంచి మెల్లగా ఎక్కుడు, గుమ్మం దగ్గర ఆఖరి పొడుగు.

నీ మధ్య ముక్క ఆ వంతెన. నేర్చుకో.

అమ్మమ్మకి ఈ సంగతి చెప్పలేదు. సొంత రాగం మరిచినవాణ్ణి అడవి దారి తప్పిస్తుందని ఆమె నమ్మకం. తెలిస్తే నిద్రపోదు.

పిన్ని


షిల్లాంగ్,
ఆగస్టు 30

పిన్నీ,

నువ్వు రాసినట్టే నడిచాను. రోజూ నడిచాను. దారంతా కనిపించింది, నాచు రాళ్ళ మీద నా కాలు నిజంగానే జారింది. వంతెన దాకా అమ్మ నా ముందు నడుస్తున్నట్టే ఉంది. వంతెన మీద ఆ పిట్ట స్వరం తీయగానే అమ్మ మాయమైపోయింది. వేరే ఎవరో పిల్లని పిలుస్తున్నట్టుంది. వంద సార్లు చేశాను. వందసార్లూ అంతే.

నూట ఒకటోసారి పైకే తీశాను. ప్రార్థన జరుగుతోంది, చూసుకోలేదు.

ఇప్పుడు నేను పడుకునేది కట్టెల గదిలో. నెలన్నర. ఎవరైనా వచ్చినా చూడనివ్వరు. కట్టెలు తడివి, దగ్గు పట్టుకుంది, మూడు రోజులు జ్వరం. హ్యాపీనెస్ కిటికీలోంచి బంగాళాదుంపలు వేస్తుంది. "తిను. నువ్వు చస్తే నా పక్కన ముప్పై రెండు వస్తుంది, అది గురక పెడుతుంది" అంటుంది.

పిన్నీ, డిసెంబరులో నేను రాను. కోపం కాదు. వచ్చి వంతెన దగ్గర నిలబడినప్పుడు ఎవరైనా పిలిస్తే, నేను తిరిగి చూడకపోతే? అప్పుడు నేను ఎవరిని? ఇక్కడైతే ముప్పై ఒకటిని. అదైనా ఉంది.

లసు


వాహ్‌రిమ్,
సెప్టెంబరు 27

లసూ,

నీ ఉత్తరం చదివి ఏడుస్తుంటే అమ్మమ్మ చూసేసింది. అన్నీ చదివించింది. మెట్లు, నంబరు, కట్టెల గది, నేను దాచినవన్నీ. చివరికి నేను రాసిన దారి కూడా చెప్పమంది. చెప్పాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి పొయ్యిలో కట్టె తీసి నేల మీద కొట్టింది.

"చదువుకున్నదానివి, ఎంత పని చేశావే! ఏ వంతెన?"

"మన వంతెనే అమ్మా."

"పిల్ల పుట్టినప్పుడు వంతెన ఎక్కడుంది? వేళ్ళు అవతలి ఒడ్డు అందుకున్నాయా?"

నిజమే లసూ. పన్నెండేళ్ళ కిందట వేళ్ళు ఏటి మధ్యదాకానే వచ్చాయి. మిగతా చోట వెదుళ్ళు వేసి దాటేవాళ్ళం. ఏరు పొంగితే వెదుళ్ళు కొట్టుకుపోయేవి. నేను ఇప్పటి వంతెన చూసి అప్పటి రాగం రాశాను. రోజూ నడిచే దారి కదా, ఎప్పుడూ ఇలాగే ఉందనుకున్నాను.

"మరి అక్కడ ఏముందమ్మా? చెప్పు, రాసి పంపుతాను" అన్నాను.

"వద్దు. నువ్వు మళ్ళీ తప్పే రాస్తావు. అది రాసేది కాదు."

"మరెలా?"

"నా చెప్పులు ఎక్కడున్నాయి?"

అమ్మమ్మ అరవై ఏళ్ళలో సోహ్రా సంత దాటి పోలేదు. మామయ్య ఆమెని సోహ్రా దాకా వీపున మోసి తెస్తాడు, అక్కడి నుంచి బస్సు. మోసే కుర్చీని బస్సు మీద వేసుకుని వస్తారు. ఇంట్లో పొయ్యి ఆరకూడదు కాబట్టి నేను రాలేను. ఈ ఉత్తరం ఆమె నడుముకే కట్టి పంపుతున్నాను.

ఇంకొక మాట. నువ్వు వచ్చేస్తానంటే వచ్చేయి. నా ఆశ కోసం నువ్వు కట్టెల గదిలో ఉండక్కర్లేదు. ఈ ముక్క మార్చిలోనే రాయాల్సింది.

పిన్ని


షిల్లాంగ్,
అక్టోబరు 3

పిన్నీ,

నీకు అన్నీ వరసగా చెప్పాలి.

నిన్న ఆదివారం. అందరి ఇళ్ళవాళ్ళూ వచ్చారు. అమ్మమ్మ గేటు దగ్గరికి వచ్చిందని నాకు తెలియదు. తర్వాత కాంగ్ త్రీనా చెప్పింది. కాపలావాడు అడ్డుపడ్డాడట.

"శిక్షలో ఉన్న పిల్లని చూడనివ్వరమ్మా."

"చూడను నాయనా. పిలుస్తాను. పిలవకూడదని రాసుందా?"

వాడు తల గోక్కున్నాడట. ఆమె గోడ చుట్టూ తిరిగి ఊట దగ్గరికి దిగింది. మామయ్య గొడుగు పట్టాడు. కొండంతా మంచు, రెండడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు.

నేను కట్టెల మీద పడుకుని ఉన్నాను. మూడు పొట్టి స్వరాలు వినిపించాయి. దగ్గు వల్ల చెవుల్లో మోగుతోందనుకున్నాను. తర్వాత పొడుగు దిగుడు వచ్చింది. పిన్నీ, అది అమ్మమ్మ గొంతే, కానీ అందులో అమ్మ నడుస్తోంది. రెండు తడబాట్లు. వంతెన వచ్చింది.

ఆగిపోయింది.

ఏమీ లేదు. స్వరం లేదు. మంచులో ఊట చప్పుడు ఒక్కటే. మేడ మీద పిల్లల మాటలు కూడా ఆగిపోయాయి. ఆ ఖాళీలోకి, నేను అనుకోలేదు, లేవనైనా లేవలేదు, నా గొంతు దానంతట అదే "కూ" అంది. పిట్ట లేచినట్టు. వెంటనే కింది నుంచి వక్కతోట ఎక్కుడు మొదలైంది, గుమ్మం దాకా వచ్చేసింది.

అమ్మమ్మ కింది నుంచి అరిచింది. "విన్నావా పిచ్చిపిల్లా! అక్కడ పలికేది నువ్వు! వెదుళ్ళు కొట్టుకుపోతే మీ అమ్మ ఆ వేళ్ళు పట్టుకుని నిలబడేది, నీళ్ళు తగ్గేదాకా. కడుపులో నువ్వు తన్నేదానివి. తన్నినాకే అడుగేసేది. నువ్వు పలికే చోటు అది. దాన్ని ఇంకెవరూ పాడరు!"

పిన్నీ, నీ చెవికి గుర్తున్న ఎత్తు స్వరం నాదే! అవతలి ఒడ్డు నుంచి అమ్మ ఆగేది, ఇంటి దగ్గర నుంచి నేను పలికేదాన్ని. నా రాగంలో నేను ఎప్పుడూ వినని ముక్క ఏదంటే నేను పలికినది. దానికోసం ఊరంతా వెతుక్కున్నాను.

తాళం తీసిన చప్పుడైంది. కాంగ్ ఎవెలిన్. ముఖం ఎలా ఉందో చెప్పలేను. నన్ను చెయ్యి పట్టుకుని ఊట దగ్గరికి తీసుకెళ్ళింది. నూట పద్నాలుగు మెట్లు ఇద్దరం దిగాం. అమ్మమ్మ ఆమెకి ముందుగా వక్కా తమలపాకూ అందించింది. ఆమె ఒక్క క్షణం చూసి తీసుకుంది.

"ఈ పిల్ల మా నియమం తప్పిందమ్మా" అంది, మెల్లగా.

"తప్పితే తిట్టు తల్లీ. ఇంతమందిని సాకేదానివి, తిట్టకపోతే ఎలా? తడి కట్టెల మీద మాత్రం పడుకోబెట్టకు. పిలిస్తే పలకొద్దని చెప్పకు."

కాంగ్ ఎవెలిన్ వక్క బుగ్గన పెట్టుకుంది. "ఆ మధ్యలో... వీళ్ళమ్మ ఆగేదా, ప్రతిసారీ?" అని అడిగింది.

"ప్రతిసారీ" అంది అమ్మమ్మ.

మామయ్య మోసే కుర్చీ దించి, దాన్ని నాకు చూపించి, "అమ్మమ్మ నడుస్తానంటోంది, ఎక్కు" అన్నాడు. అమ్మమ్మ నా నుదురు పట్టుకుని చూసింది. "వస్తావా?" అంది. నీ ఉత్తరం ఇచ్చింది. అక్కడే చదివాను. నువ్వు వచ్చేయమన్న ముక్క రెండుసార్లు చదివాను. అది చదవకపోతే వచ్చేసేదాన్నేమో.

"డిసెంబరులో వస్తాను" అన్నాను. "ఇంకా ఆ భూగోళం రెండో వైపు చెప్పలేదు."

"అయితే వంతెన దగ్గర నిలబడి పిలుస్తాను. పలకకపోయావో, చూడు" అంది. కుర్చీ ఎక్కి, మామయ్య వీపు మీద వెనక్కి తిరిగి కూర్చుని, మంచులో కనిపించకుండా పోయేదాకా నన్నే చూస్తూ వెళ్ళింది.

నా మంచం మళ్ళీ హ్యాపీనెస్ పక్కకి వచ్చింది. ఆమె నన్ను చూసి, "అది నిజంగా ఉందన్నమాట" అంది, అంతే. ముఖం మాత్రం ముడుచుకోలేదు.

సాయంత్రం భోజనం ముందు ఎప్పట్లాగే హాజరు తీశారు. కాంగ్ ఎవెలిన్ పుస్తకం తెరిచి, నంబర్లు చదువుతూ వచ్చింది. ఇరవై తొమ్మిది. ముప్పై. తర్వాత ఆగింది. పుస్తకంలోంచి తల ఎత్తలేదు. వేలు మాత్రం ఆ గీత మీదే ఉంది. గదిలో ఒక్క చెంచా కదల్లేదు. ఎవరో మరిచిపోయిందనుకుని, "ముప్పై ఒకటి, కాంగ్" అని అందించబోయారు. హ్యాపీనెస్ వాళ్ళ కాలు తొక్కింది.

అప్పుడు నేను పలికాను.

కాంగ్ ఎవెలిన్ ఒక గీత గీసి, "ముప్పై రెండు" అంది.

నీ లసుబోన్